కన్నీళ్లతో పుల్పిట్ ఎక్కిన దైవజనుడు

స్కాట్లండ్ దేశాన్ని తనకు ఇమ్మని, లేదంటే తన ప్రాణం తీసుకొమ్మని జాన్ నాక్స్ దేవుణ్ని ప్రాధేయపడ్డాడని మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. ఉపవాస ప్రార్థనల్లోనూ ఉజ్జీవ కూటాల్లోనూ ఎవరో ఒకరు ఆ మాట గుర్తుచేస్తూనే ఉంటారు. తరతరాలుగా నోటినోటా వస్తున్న మాట అది. అయితే ఆ ప్రార్థన తెలిసినంతగా ఆ మనిషి మనకు తెలియడు. పుల్పిట్ మీద సింహంలా గర్జించినవాడిగానే ఆయనను ఊహించుకుంటాం. కానీ దేవుని పిలుపు మొదటిసారి విన్న రోజున ఆయన గర్జించలేదు. అందరి ముందూ భోరున ఏడ్చి తన గదిలోకి వెళ్లిపోయాడు. అంతగా వణికిన మనిషి ఆ తర్వాత రాణుల ఎదుట తలవంచకుండా ఎలా నిలబడగలిగాడు? ఈ వారం ఆ జీవితాన్ని ధ్యానిద్దాం.

గురువు చేతిలో ఖడ్గం

ఎడింబరో నగరానికి తూర్పున ఉన్న హాడింగ్టన్ అనే చిన్న పట్టణంలో సుమారు 1514లో నాక్స్ పుట్టాడు. గొప్ప వంశమేమీ కాదు. 1536లో రోమన్ కాథలిక్ గురువుగా అభిషేకం పొందాడు. కానీ విచారణ గురువుగా స్థిరపడలేదు. దస్తావేజులు రాసే నోటరీగా, చిన్న జమీందారుల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయుడిగా బతుకు సాగించాడు.

ఆనాడు స్కాట్లండ్‌లో సంఘానికి ఆస్తులు మెండుగా ఉన్నాయి, వాక్యానికే కరువు. మఠాల రాబడి రాజవంశీకుల చేతుల్లోకి, ప్రభువుల బిడ్డల చేతుల్లోకి పోయేది. పల్లెల్లోని గుళ్లకు మాత్రం సరిగా చదువు రాని, చాలీచాలని జీతాల గురువులే మిగిలేవారు. జర్మనీ నుంచి లూథర్ బోధను వెంట తెచ్చిన పాట్రిక్ హామిల్టన్ అనే యువకుణ్ని 1528 ఫిబ్రవరి 29న సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో సజీవదహనం చేశారు. అప్పటికి అతనికి సుమారు 24 ఏళ్లు. ఆ మంట ఆరినా, అది రేపిన ప్రశ్నలు మాత్రం ఆరలేదు. సొంత భాషలో బైబిలు చదువుకోవచ్చని 1543లో పార్లమెంటు అనుమతించాక ఆ ప్రశ్నలు ఇంటింటికీ చేరాయి.

అలాంటి రోజుల్లో జార్జ్ విషార్ట్ అనే సువార్తికుడు ఊరూరా తిరుగుతూ ప్రకటించడం మొదలుపెట్టాడు. డండీలో ప్లేగు వ్యాధి చెలరేగితే భయపడకుండా అక్కడికి వెళ్లి రోగుల మధ్య వాక్యం చెప్పిన దైవజనుడాయన. నాక్స్ ఆయనకు శిష్యుడయ్యాడు. విషార్ట్ ప్రాణానికి ముప్పు ఉండడంతో రెండు చేతులతో పట్టే పెద్ద ఖడ్గం ఒకటి మోస్తూ ఆయన ముందు నడిచేవాడు. సువార్త సేవలో నాక్స్ చేతికి వచ్చిన మొదటి ఆయుధం ఖడ్గమే!

విషార్ట్ పట్టుబడనున్న రాత్రి నాక్స్ ఆయన వెంటే వస్తానని పట్టుబట్టాడు. విషార్ట్ ఆ ఖడ్గాన్ని తీసేయించాడు. బలికి ఒక్కడు చాలునని చెప్పి, చదువు చెబుతున్న పిల్లల దగ్గరకు నాక్స్‌ను పంపేశాడు. 1546 మార్చి 1న సెయింట్ ఆండ్రూస్‌లో కార్డినల్ డేవిడ్ బీటన్ ఆజ్ఞ మేరకు విషార్ట్ అగ్నికి ఆహుతయ్యాడు. గెత్సేమనేలో పేతురు కత్తిని ఒరలో పెట్టించిన ప్రభువు మనకు గుర్తుకు రావడం లేదా?

ఏడిపించిన పిలుపు

మూడు నెలలు తిరగకముందే, మే 29న కొందరు ఆయుధాలతో సెయింట్ ఆండ్రూస్ కోటలో చొరబడి కార్డినల్ బీటన్‌ను చంపి కోటను స్వాధీనం చేసుకున్నారు. వారిలో విషార్ట్ మరణానికి పగ తీర్చుకోవాలనుకున్నవారూ ఉన్నారు, రాజకీయ లాభం ఆశించినవారూ ఉన్నారు. ఆ హత్యలో నాక్స్‌కు భాగం లేదు. కానీ ఆ తర్వాతైనా దాన్ని ఖండించలేదు. ఏళ్లు గడిచాక తన చరిత్ర గ్రంథంలో ఆ సంగతిని ఉల్లాసంగా వర్ణించాడు కూడా. విషార్ట్ చేతిలో నుంచి తీసేసిన ఖడ్గం మనసులో నుంచి పూర్తిగా పోలేదనే చెప్పాలి.

1547లో శిష్యులైన పిల్లలతో కలిసి నాక్స్ ఆ కోటకు వచ్చాడు. పిల్లలకు రోజూ యోహాను సువార్త చెబుతుంటే కోటలోని పెద్దలు కూడా వినేవారు. ఈయన బోధకుడు కావాలని వారికి అనిపించింది. అడిగితే కుదరదన్నాడు. అప్పుడు ఒక ఆరాధనలో జాన్ రఫ్ అనే బోధకుడు ప్రసంగం మధ్యలో నేరుగా నాక్స్ వైపు తిరిగి, ఈ పిలుపును తోసిపుచ్చవద్దని దేవుని పేరిట అడిగాడు. ఇది మీ అందరి పిలుపేనా అని సంఘాన్ని అడిగితే అందరూ ఔనన్నారు. నాక్స్ కన్నీళ్లు ఆపుకోలేక లేచి గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన ముఖంలో నవ్వు కనిపించలేదు.

ప్రియులారా, ఇది పిరికితనం అనుకోవద్దు. మోషే తన నోరు మాంద్యమైనదన్నాడు. యిర్మీయా తాను బాలుడనన్నాడు. వాక్యం మోయడం ఎంత బరువో తెలిసినవాడే వణుకుతాడు. ఇవాళ మైకు దొరికితే చాలు అనుకునే మనం, ఆ గదిలోని కన్నీళ్ల ముందు కాసేపు ఆగాలి. చివరకు నాక్స్ గదిలో నుంచి బయటికి వచ్చాడు. దానియేలు గ్రంథం 7వ అధ్యాయం తీసుకుని మొదటి ప్రసంగం చేశాడు.

తెడ్డుకు కట్టేసిన 19 నెలలు

పుల్పిట్ ఎక్కి కొన్ని నెలలైనా కాలేదు. 1547 జూలై చివర్లో ఫ్రెంచి యుద్ధనౌకలు వచ్చి కోటను ముట్టడించి పట్టుకున్నాయి. నాక్స్‌ను బానిసగా ఓడ ఎక్కించారు. తెడ్లతో నడిచే ఓడ అది. బల్లలకు గొలుసులతో కట్టేసిన ఖైదీలు కొరడా దెబ్బల కింద తెడ్లు వేయాలి. ఎండలోనూ వానలోనూ అక్కడే కూర్చోవాలి, అక్కడే నిద్రపోవాలి. 19 నెలలు ఆయన బతుకు అదే. దేవుడు ఏడిపించి మరీ పిలిచింది ఇందుకేనా అని ఎవరికైనా అనిపిస్తుంది.

1548లో ఒకసారి ఆ ఓడ స్కాట్లండ్ తీరం దగ్గరకు వచ్చింది. నాక్స్ జబ్బుతో చావుకు దగ్గరగా ఉన్నాడు. దూరంగా సెయింట్ ఆండ్రూస్ గుడి గోపురం కనిపించింది. ఆ చోటు గుర్తుపట్టావా అని తోటి ఖైదీ అడిగాడు. బాగా గుర్తుందనీ, తన నోటిని దేవుడు మొదట తెరిచింది అక్కడేననీ, అక్కడ మళ్లీ దేవుణ్ని మహిమపరచకుండా తాను చనిపోననీ నాక్స్ బదులిచ్చాడు. లేచి నిలబడే శక్తి లేని మనిషి పలికిన విశ్వాసమిది.

1549 తొలి నెలల్లో విడుదలయ్యాడు. ఇంగ్లండ్‌లో బెరిక్, న్యూకాజిల్ పట్టణాల్లో వాక్యం బోధించాడు. ఎడ్వర్డ్ 6 రాజు కొలువులో బోధకుడయ్యాడు. రాచెస్టర్ బిషప్ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. 1553లో ఎడ్వర్డ్ చనిపోయి మేరీ ట్యూడర్ రాణి కాగానే ప్రాణాలు దక్కించుకోవడానికి దేశం దాటాల్సి వచ్చింది. చివరకు జెనీవాలో జాన్ కాల్విన్ దగ్గరకు చేరాడు. అక్కడి ఆంగ్ల శరణార్థుల సంఘానికి కాపరిగా ఉన్నాడు. అపొస్తలుల కాలం తర్వాత క్రీస్తు పాఠశాల అంత చక్కగా నడిచిన చోటు మరొకటి తాను చూడలేదని ఒక స్నేహితురాలికి రాశాడు. ఆ కాలంలోనే మార్జరీ బౌస్‌ను వివాహమాడాడు. నతనయేలు, ఎలియాజరు అనే ఇద్దరు కుమారులు పుట్టారు.

ఆయన చేసిన పెద్ద పొరపాటు కూడా అక్కడిదే. స్త్రీలు రాజ్యం చేయడం దేవుని క్రమానికి విరుద్ధమని వాదిస్తూ 1558లో పేరు వేసుకోకుండా ఒక పుస్తకం అచ్చువేశాడు. హింస పెడుతున్న మేరీ ట్యూడర్ మీది కోపం స్త్రీజాతి మొత్తం మీదికి మళ్లింది. దెబోరాను న్యాయాధిపతిగా నిలిపిన దేవుని వాక్యాన్ని చేతిలో పెట్టుకునే ఆ మాటలు రాశాడు! అదే ఏడాది నవంబరులో ప్రొటెస్టెంటు పక్షం వహించిన ఎలిజబెత్ ఇంగ్లండ్ రాణి అయింది. ఆ పుస్తకాన్ని ఆమె క్షమించలేదు. తన దేశం గుండా ప్రయాణించడానికి కూడా నాక్స్‌కు అనుమతి ఇవ్వలేదు. కోపంలో రాసిన మాట ఎంత దూరం వెంటాడుతుందో గమనించండి.

దేశం మారిన సంవత్సరం

1559 మే 2న నాక్స్ సముద్ర మార్గాన లీత్ రేవులో దిగాడు. మే 11న పెర్త్ పట్టణంలో విగ్రహారాధనకు వ్యతిరేకంగా ప్రసంగించాడు. ఆ తర్వాత జనం రెచ్చిపోయి గుడిలోని విగ్రహాలు పగలగొట్టారు, మఠాలను దోచుకున్నారు. అల్లరి మూకల పని అని నాక్స్ వారిని నిందించినా, నిప్పు అంటుకున్నాక ఆపడం ఆయన తరం కాలేదు.

జూన్‌లో సెయింట్ ఆండ్రూస్ చేరాడు. ప్రసంగిస్తే కాల్పులు తప్పవని ఆర్చిబిషప్పు హెచ్చరించాడు. తోడున్న ప్రభువులు కూడా వద్దన్నారు. అయినా నాక్స్ పుల్పిట్ ఎక్కాడు. యేసు ప్రభువు దేవాలయాన్ని శుద్ధిచేసిన సంగతి తీసుకుని ప్రసంగించాడు. కొరడా దెబ్బల మధ్య, జ్వరంతో కాలిపోతూ చూసిన గోపురం కిందే, 11 ఏళ్ల తర్వాత దేవుడు ఆయన నోరు మళ్లీ తెరిచాడు. జూలైలో ఎడింబరో సంఘం ఆయనను సెయింట్ జైల్స్ గుడికి కాపరిగా ఎన్నుకుంది.

ఆ తర్వాత సంగతులు వేగంగా జరిగాయి. దేశాన్ని ఏలుతున్న రాజమాత మేరీ ఆఫ్ గీజ్ 1560 జూన్‌లో మరణించింది. జూలై ఒప్పందంతో ఫ్రెంచి సైన్యం తిరిగి వెళ్లిపోయింది. ఆగస్టులో పార్లమెంటు కూడింది. నాక్స్‌తో సహా ఆరుగురు దైవజనులు నాలుగు రోజుల్లో విశ్వాస ప్రమాణాన్ని రాసి ఇచ్చారు. ఆ ఆరుగురి పేరూ జానే! ఆగస్టు 17న పార్లమెంటు దాన్ని ఆమోదించింది. ఆగస్టు 24న పోపు అధికారాన్ని రద్దుచేసింది. దివ్యబలిపూజను నిషేధించి, మూడోసారి పట్టుబడినవారికి మరణశిక్ష అని చట్టం చేసింది. తమ మనస్సాక్షి కోసం మంటల్లో దూకినవారి వారసులు, ఎదుటివారి మనస్సాక్షికి చోటివ్వలేదు. హింసించబడినవాడు అధికారం వచ్చాక ఏంచేస్తాడన్నది ప్రతి సంఘమూ తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న.

ఆ డిసెంబరులో మొదటి జనరల్ అసెంబ్లీ ఎడింబరోలో కూడింది. వచ్చినవారు సుమారు 40 మంది, అందులో పాస్టర్లు ఆరుగురే. బిషప్పుల ఆజ్ఞ మీద కాకుండా, పాస్టర్లూ సంఘ పెద్దలూ కలిసి కూర్చుని సంఘాన్ని నడిపే పద్ధతికి అది నాంది. అదే నెలలో నాక్స్ భార్య మార్జరీ కన్నుమూసింది. దేశం గెలిచిన ఏడాది చివర ఆయన ఇంట్లో ఇద్దరు పసిపిల్లలూ దుఃఖమూ మిగిలాయి.

గుడి మారింది, పిడికిలి విప్పలేదు

నాక్స్ జీవితంలో మనం తక్కువగా వినే భాగం ఇదే. సంఘం ఎలా నడవాలో వివరిస్తూ ఆయనా తోటి సేవకులూ 1560లో క్రమశిక్షణ గ్రంథం సిద్ధం చేశారు. సంఘానికి ఉన్న ఆస్తుల రాబడితో మూడు పనులు జరగాలన్నారు. వాక్యం చెప్పే కాపరికి గౌరవంగా బతికే జీతం ఇవ్వాలి. ముసలివారిని, విధవరాండ్రను, అనాథలను, పనిచేయలేని పేదలను పోషించాలి. ప్రతి సంఘం పక్కనా ఒక బడి ఉండాలి. తెలివిగల పిల్లవాడు పేదవాడైతే సంఘమే అతన్ని విశ్వవిద్యాలయం దాకా చదివించాలి. బైబిలు ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలంటే ముందు ప్రతి ఒక్కరికీ చదవడం రావాలి కదా!

విశ్వాస ప్రమాణానికి చేతులెత్తి ఆమోదం తెలిపిన పార్లమెంటు ఈ గ్రంథాన్ని మాత్రం చట్టం చేయలేదు. కారణం సిద్ధాంతం కాదు, భూమి. మఠాల భూములు అప్పటికే ఎందరో ప్రభువుల గుప్పిట్లో ఉన్నాయి. పోపును వదులుకోవడం వారికి తేలికైంది, పొలాలను వదులుకోవడం కష్టమైంది. చివరకు పాత హక్కుదారులు మూడింట రెండు వంతులు ఉంచుకునేలా, మిగిలిన ఒక వంతును ప్రభుత్వమూ సంఘమూ పంచుకునేలా రాజీ కుదిరింది. రెండు వంతులు సాతానుకే వెళ్లాయనీ, మూడో వంతును దేవుడూ సాతానూ పంచుకోవాల్సి వచ్చిందనీ నాక్స్ చేదుగా అన్నాడు. కాథలిక్ రాణిని ఎదిరించిన నోటితోనే, తన పక్షపు ప్రొటెస్టెంటు ప్రభువులను పుల్పిట్ మీద నుంచి గద్దించాడు. పరాయివారిని గద్దించడం సులువు. మన సంఘానికి చందాలిచ్చే పెద్దమనుషులను గద్దించడానికే దేవుని భయం కావాలి.

ఆయన కళ్లముందు జరగని పని ఆయన తర్వాత మెల్లగా జరిగింది. 1633, 1696 చట్టాలు ప్రతి సంఘ పరిధిలోనూ బడిని తప్పనిసరి చేశాయి. స్కాట్లండ్ చదువుకున్న దేశంగా పేరు తెచ్చుకుంది. ఆ వరవడి మన దేశానికీ వచ్చింది. 1830లో అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో బడి తెరిచాడు. 1837లో జాన్ ఆండర్సన్ మద్రాసులో మొదలుపెట్టిన బడే తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివిందీ అక్కడే. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ప్రెస్బిటేరియన్ వారసత్వం కూడా కలిసింది. మన గుళ్లలో పాస్టర్ పక్కన కూర్చునే సంఘ పెద్దల వెనుక ఆ ఎడింబరో గది కూడా ఉంది.

రాణి కన్నీళ్లు, కాపరి మరణం

1561 ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి 18 ఏళ్ల మేరీ రాణి తిరిగి వచ్చింది. కాథలిక్ అయిన ఆమె నాక్స్‌ను పలుమార్లు పిలిపించుకుంది. 1563లో తన వివాహం గురించి పుల్పిట్ మీద మాట్లాడినందుకు కోపంతో, ఈ రాజ్యంలో నీవెవరివని నిలదీసింది. తాను ఈ రాజ్యంలో పుట్టిన పౌరుణ్ననీ, దీనికి ముప్పు కనిపిస్తే హెచ్చరించడం తన బాధ్యతనీ జవాబిచ్చాడు. రాణి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరి కన్నీళ్లూ తనకు సంతోషం కావనీ, తన బిడ్డలను దండించినప్పుడు వారి ఏడుపే భరించలేననీ, అయినా రాణి కన్నీళ్ల కోసం మౌనంగా ఉండి మనస్సాక్షిని నొప్పించుకోలేననీ చెప్పాడు. మాటలో కాఠిన్యం ఎక్కువే. అంత చిన్న వయసులో ఒంటరిగా ఉన్న స్త్రీతో ఇంకొంచెం మృదువుగా మాట్లాడి ఉండవచ్చు. కానీ పదవి కోసమో భయం వల్లనో మాట మార్చినవాడు మాత్రం కాదు.

1564లో మార్గరెట్ స్టివర్ట్‌ను రెండో వివాహం చేసుకున్నాడు. ముగ్గురు కుమార్తెలు పుట్టారు. 1567లో మేరీ సింహాసనం వదులుకుంది. ఆ తర్వాత దేశం అంతర్యుద్ధంలో పడింది. 1570లో నాక్స్‌కు పక్షవాతం వచ్చింది. 1571లో ఎడింబరో వదిలి సెయింట్ ఆండ్రూస్ వెళ్లాల్సి వచ్చింది. చేతికర్రతో, సేవకుడి భుజం పట్టుకుని గుడికి నడిచేవాడు. ఎత్తి పుల్పిట్ మీద నిలబెడితే మొదట దానికి ఆనుకునేవాడు. ప్రసంగం ముగిసేసరికి పుల్పిట్‌ను బద్దలుకొట్టేలా ఉండేవాడని, అప్పుడు విద్యార్థిగా ఉండి విన్న జేమ్స్ మెల్విల్ రాసుకున్నాడు.

1572లో ఎడింబరోకు తిరిగి వచ్చాడు. నవంబరు 9న తన స్థానంలోకి వచ్చిన జేమ్స్ లాసన్‌ను సంఘానికి అప్పగించి ఇంటికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. పెద్దలను మంచం దగ్గరకు పిలిపించుకుని రెండు సంగతులు చెప్పాడు. తాను గద్దించిన మనుషులను ఎన్నడూ ద్వేషించలేదనీ, వారి పాపాన్నే ద్వేషించాననీ అన్నాడు. దేవుని వాక్యాన్ని ఎన్నడూ వ్యాపారం చేయలేదన్నాడు.

నవంబరు 24న భార్య 1 కొరింథీ 15వ అధ్యాయం చదివి వినిపించింది. తర్వాత తన విశ్వాసపు లంగరు మొదట వేసిన చోటు చదవమన్నాడు. ఆమె యోహాను సువార్త 17వ అధ్యాయం చదివింది. తండ్రి తనకిచ్చిన వారి కోసం ప్రభువు చేసిన ప్రార్థన అది. ఆ రాత్రి మాట పడిపోయింది. వాగ్దానాలను నమ్ముతున్నట్టు సైగ చేయమని పక్కనున్నవారు అడిగితే చెయ్యి పైకెత్తాడు. రెండు చేతులతో ఖడ్గం ఎత్తిన మనిషి చివరిసారి ఎత్తింది ఖాళీ చేతిని.

సమాధి దగ్గర దేశాన్ని ఏలుతున్న మోర్టన్ ప్రభువు, మనుషులెవరికీ భయపడని, ఎవరినీ ముఖస్తుతి చేయని మనిషి ఇక్కడ పడుకున్నాడని సాక్ష్యమిచ్చాడు. ఆ శ్మశానం తర్వాతి కాలంలో చదునైపోయింది. సెయింట్ జైల్స్ గుడి వెనుక, కార్లు నిలిపే స్థలంలో 23వ నంబరు చోట నేలమీద ఒక చిన్న గుర్తు మాత్రం ఉంది.

గొప్ప సమాధులు కట్టుకునే మనకు ఆ చిన్న గుర్తు చాలా చెబుతుంది. నాక్స్ తప్పులను మనం అనుసరించనక్కర లేదు. ఆయన కాఠిన్యాన్ని అరువు తెచ్చుకుని దాన్ని ధైర్యమని పిలవనూ వద్దు. ఆయన వదిలిపోయిన పని మాత్రం మన ముందుంది. మన సంఘాలకు గుళ్లున్నాయి, స్థలాలున్నాయి, బడులున్నాయి. వాటి రాబడిలో పేద విధవరాలికి, ఫీజు కట్టలేని పిల్లవాడికి, పల్లెలో సేవచేసే కాపరికి వాటా ఎంత? మన విశ్వాస ప్రమాణానికి చేతులెత్తి, మన పిడికిలి మాత్రం బిగించి ఉంచామా? మన దేశం కోసం మోకరించేముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. దేవుని ముందు ఏడ్చినవాడే మనుషుల ముందు నిలబడతాడు. అట్టి కన్నీళ్లను, అట్టి ఖాళీ చేతులను ప్రభువు మనకు అనుగ్రహించును గాక! ఆమేన్.